నల్లతుమ్మతో మంచం, బల్ల చేయించుకోవచ్చా?

పొలం గట్టున తుమ్మచెట్టు కొట్టించి మంచం, బల్ల చేయించుకోవాలని ఉందనీ, అది వంటచెరకుకే పనికొస్తుందని కోతమిల్లువాళ్లు అంటున్నారనీ అడిగారు. నల్లతుమ్మ అయితే నిశ్చింతగా చేయించుకోండి. పసుపుపచ్చని గుండ్రటి పూలు, పూసలు గుచ్చినట్టు నొక్కులున్న కాయలు ఉంటే అదే. పూలు పొడుగ్గా కంకులుగా వస్తే సర్కారు తుమ్మ, దాని సంగతి వేరు.

మాది వడ్రంగం చేసే ఇల్లు. బండి చక్రాల ఆకులు, పూటీలు, నాగళ్లు, గొడ్డలి కామలు మావాళ్లు ఎక్కువగా దీంతోనే చేసేవారు. దెబ్బకు ఓర్చుకునే చెక్క. ఘనపుటడుగు టేకు సుమారు 18 కిలోలు తూగితే, బాగా ఆరిన నల్లతుమ్మ 22, 23 తూగుతుంది. ఇల్లు మారేటప్పుడు మంచం మోసేవాళ్లు తిట్టుకుంటారు, అంతే.

అసలు జాగ్రత్తంతా చేవ దగ్గరే. లోపలి ఎర్రటి చేవకు పురుగు అంత తేలిగ్గా పట్టదు. చుట్టూ ఉండే తెల్లచెక్కకు మాత్రం ఖాయంగా పడుతుంది, కొన్నాళ్లకు కింద పిండి రాలుతుంది. పాతరోజుల్లో మొద్దుల్ని చెరువులో నానేసేవారు. ఇప్పుడు అదంతా ఎందుకు, తెల్లచెక్కను మొత్తం తీయించేయండి. మొద్దు సగానికి సగం పోయినట్టు అనిపించినా సరే.

పచ్చిగా ఉన్నప్పుడే కోయించండి, ఎండితే రంపం పళ్లు అరిగిపోతాయి. పలకల చివర్లకు వెంటనే పెయింటు పూసి, మధ్యలో బద్దలు పెట్టి నీడలో పేర్చండి. లేకపోతే చివర్లు నెర్రెలిస్తాయి. అంగుళం మందానికి ఏడాది ఆరాలని లెక్క. అందుకే ముందు బల్ల చేయించుకోండి, మందంగా ఉండే మంచం కోళ్ల సంగతి తర్వాత. ఈ చెట్టు మాను వంకర, పొట్టి కాబట్టి వెడల్పాటి పలకలు రావు. బల్లపైకి నాలుగైదు పలకలు అతికించాల్సిందే. తలుపులకైతే నేను సలహా ఇవ్వను.

ఇనుప మేకులు వద్దు. తుమ్మలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, తడి తగిలితే మేకు చుట్టూ నల్లటి మరక పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడండి, అవి కూడా ముందు డ్రిల్‌తో బెజ్జం వేశాకే. పైన అవిసెనూనె పట్టిస్తే చాలు, వార్నిష్ అక్కర్లేదు.

చెట్టు కొట్టే ముందు వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం) కింద అనుమతి కావాలేమో కనుక్కోండి. కూలి టేకు పనికంటే ఎక్కువ అడుగుతారు. చిత్రిక అలుగు మాటిమాటికీ నూరుకోవాలి మరి, బేరం ముందే మాట్లాడుకోండి.