పేరు పెట్టే ముందు ఒక పూట ఆగు

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపినదంతా చూశాను. నీ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రోగ్రాంలో అచ్చుతప్పులు దిద్దే కొత్త సదుపాయం బాగుంది, దానికి పెట్టిన పేరే గుచ్చుకుంది. ఒక పెద్ద కంపెనీ వాడే మాటలో ఒక్క అక్షరం మార్చి పెట్టావు. ట్రేడ్‌మార్క్ తగాదాలో అక్షరాలు లెక్కపెట్టరు, జనం పొరబడతారా అని చూస్తారు. ఉచితంగా ఇస్తున్నానుగా అంటే అది పెద్దగా ఆదుకోదు.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ మొదటి పేరు ఫీనిక్స్. అది వేరొకరి ట్రేడ్‌మార్క్‌కు తగిలింది. 2003లో ఫైర్‌బర్డ్ అన్నారు. ఆ పేరుతో అప్పటికే ఒక ఓపెన్ సోర్స్ డేటాబేస్ ఉంది, వాళ్లు ఊరుకోలేదు. 2004లో గానీ ఇప్పటి పేరు రాలేదు. రెండోసారి అడ్డం తిరిగింది మనలాంటి ఓపెన్ సోర్స్ వాళ్లే, గమనించు.

నేనూ ఈ దెబ్బ తిన్నాను. బియ్యం కొట్ల లెక్కల ప్రోగ్రాంలో ఒక సదుపాయానికి ముచ్చటపడి పెట్టిన పేరు మీద నోటీసు వచ్చింది. మెనూలో మార్చడం ఒక సాయంత్రం పని. కానీ అదే పేరును కమాండుకూ, సెట్టింగుల ఫైలుకూ తగిలించాను. కొట్లవాళ్ల పాత ఫైళ్లు తెరుచుకోక, రెండేళ్లు ఫోన్లు ఎత్తలేక చచ్చాను. అందుకే తెర మీద ఏ పేరైనా పెట్టుకో, కోడ్ లోపల మాత్రం పని చెప్పే సాదా పేరే ఉంచు.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో సాఫ్ట్‌వేర్ పేర్లు ఉండే 9, 42 తరగతులు వెతుకు, ఉచ్చారణను బట్టి కూడా. రిజిస్టరు కాని పేరుకూ హక్కు ఉండవచ్చు కనుక అందరూ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటు కూడా చూడు. ‘తప్పుల దిద్దుబాటు’ అని పని చెప్పే పేరే పెడితే నిశ్చింత. నెల్లూరు చేపల పులుసు అని బోర్డు రాసిన హోటలు పక్క హోటలును ఆపలేదు కదా! నువ్వూ ఎవరినీ ఆపలేవనుకో.

పేటెంటుది వేరే దారి. అది పద్ధతి మీద హక్కు, పేరు మార్చినా వదలదు. జిఫ్ (GIF) బొమ్మల ఫైళ్ల కుదింపు పద్ధతికి యూనిసిస్ కంపెనీ తన పేటెంటు చూపి రుసుము అడిగినప్పుడు, పీఎన్‌జీ (PNG) అనే మరో రకం బొమ్మల ఫైలు చేసినవాళ్లు పద్ధతినే మార్చారు. మన చట్టంలో 3(కె) సెక్షన్ ఉత్త ప్రోగ్రాముకు పేటెంటు ఇవ్వనంటుంది, కానీ నీ కోడ్‌ను అమెరికాలోనూ దింపుకుంటారు, అక్కడ మన చట్టం పనిచేయదు. ఓపెన్ సోర్స్ కోడ్‌కు వాడే అపాచీ 2.0 లైసెన్సులో కోడ్ ఇచ్చినవారి పేటెంట్లకు అనుమతి రాసి ఉంది. బయటివారి పేటెంట్లకు అది కాపు కాయదు.

ఆదివారం పినాకిని రైలుకు వస్తావుగా, మూడు పేర్లు రాసుకుని రా.

నీ మామయ్య