ఫైలు పంపేశాక మీ ఇద్దరికీ ఒక ఉత్తరం

అమ్మలూ,

మీ దత్తత ఫైలు అవతలి దేశం అధికారుల చేతికి చేరిందని నీ మెసేజ్ చూసి చాలా సంతోషించాను. కింద నువ్వు రాసిన వాక్యమే నన్ను కూర్చోబెట్టి ఈ ఉత్తరం రాయిస్తోంది: “ఇప్పుడు ఏం చెయ్యాలో తెలీడం లేదు పెద్దమ్మా.” ఇన్నాళ్ళూ రోజూ ఏదో ఒక పని ఉండేది. హోమ్ స్టడీ (ఇంటినీ మిమ్మల్నీ పరిశీలించి రాసే రిపోర్టు), మెడికల్ రిపోర్టులు, పోలీసు సర్టిఫికెట్, జీతం కాగితాలు, నోటరీ, కాగితాలు విదేశంలో చెల్లేలా వేయించే అపోస్టిల్ ముద్ర. అలిసిపోయినా ఒక అడుగు ముందుకు పడిందని తెలిసేది. ఇప్పుడు ఒక్కసారిగా పనంతా ఎవరి చేతుల్లోకో వెళ్ళిపోయింది. మీ పెదనాన్నా నేనూ ఈ దారిన నడిచినవాళ్ళం కాబట్టి, నాకు తెలిసినవి రాస్తాను. మీ ఆయన, మా అబ్బాయి చేత కూడా చదివించు. సగం అతనికే రాస్తున్నాను.

ముందుగా, ఇంత ఆలస్యం దేనికో మనసుకి పట్టించుకోండి. 1993లో హేగ్‌లో చాలా దేశాలు కలిసి రాసుకున్న దత్తత ఒప్పందం ఉంది కదా, దాని వరస ఇది: బిడ్డని మొదట కన్నవాళ్ళ దగ్గరే ఉంచడానికి ప్రయత్నించాలి. అది కుదరకపోతే ఆ దేశంలోనే ఇంకో కుటుంబం వెతకాలి. అక్కడా తగిన ఇల్లు దొరకనప్పుడే విదేశం మాట ఎత్తాలి. తల్లి ఒప్పుకోలు బిడ్డ పుట్టాకే తీసుకోవాలి. అందుకు డబ్బు ఆశ చూపకూడదు. రెండు దేశాల అధికారులూ సరేనన్నాకే బిడ్డని మీ చేతికి ఇవ్వాలి. వీటిలో ప్రతిదానికీ టైం పడుతుంది. మీకు ఏ కబురూ రాని నెలల్లో అక్కడ ఎవరో ఒక పిన్నినో తాతనో వెతుకుతూ ఉండవచ్చు.

అందుకే నీకు ఒక మాట గట్టిగా చెబుతున్నాను. “తొందరగా అయిపోవాలి” అని కోరుకోకు. “సరిగ్గా జరగాలి” అని కోరుకో. మనకి బిడ్డ రావడమంటే, ఆ బిడ్డకి కన్నవాళ్ళ దగ్గర ఉండే దారులన్నీ మూసుకుపోవడం. మన సంతోషం కోసం ఆ దారులు త్వరగా మూసుకుపోవాలని ఎలా కోరుకుంటాం?

ఈ సంగతి నాకు పుస్తకాలు చదివి తెలియలేదు. మాకు మొదట ఒక బాబు వివరాలు పంపారు. ఫోటో చూశాం, రిపోర్టు చదివాం, సరేనని సంతకాలు పెట్టాం. కొన్నాళ్ళకి ఫోన్ వచ్చింది. బాబు అమ్మమ్మ ఆచూకీ దొరికిందట, తీసుకెళ్ళి పెంచుకుంటానంటోందట. మీ పెదనాన్న “మంచిదండీ” అని మాత్రం అనగలిగి ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో ఎవరమూ సరిగ్గా తినలేదు. ఎవరూ చనిపోలేదు, ఎవరూ మోసం చేయలేదు, అయినా గుండె పగిలింది. ఆ బాబుకి అమ్మమ్మ దొరకడం మంచే. మా దుఃఖమూ నిజమే. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. ఎవరైనా “పోనీలే, మీకు ఇంకా మంచి పిల్ల వస్తుంది” అంటే, ఆ ఓదార్పు తీసుకోవాల్సిన పని లేదు. బాధపడండి. అలాంటిదే మీకు జరిగితే ఆ వెంటనే ఇంకో బిడ్డ వివరాలకి సరే అనకండి. కొత్త బిడ్డని మొదటి బిడ్డ స్థానంలో చూడని రోజు వచ్చేదాకా ఆగుతామని సోషల్ వర్కర్‌కి చెప్పండి. మంచి సోషల్ వర్కర్ అర్థం చేసుకుంటుంది.

ఈ మాటకి ఆనుకునే ఇంకొకటి. ఆలస్యం భరించలేక ఉన్నవాళ్ళ దగ్గరకి దగ్గరి దారులు చూపించే మనుషులు వస్తారు. అదనంగా కొంత కడితే మీ ఫైలు పైకి వస్తుందనో, ఫలానా పిల్లల కేంద్రంలో బిడ్డ ఉంది, నేరుగా వెళ్ళి చూసి రమ్మనో అంటారు. ఆ ఒప్పందం ప్రకారం అనుమతులు రాకముందు మీరు బిడ్డ తల్లిదండ్రులతో గాని, చూసుకునేవాళ్ళతో గాని సంబంధం పెట్టుకోకూడదు. ఆ నియమం డబ్బు చేతులు మారకుండా ఆపడానికే ఉంది. దాన్ని దాటమనేవాడు ఎంత మంచిగా మాట్లాడినా అక్కడితో మాట ఆపేయండి. లేకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత మీ బిడ్డ “నన్ను ఎలా తెచ్చుకున్నారు?” అని అడిగితే మీరు తల ఎత్తి జవాబు చెప్పలేరు.

ఇక కాగితాల సంగతి. ఫైలు వెళ్ళిపోయింది కాబట్టి ఆ పని అయిపోయిందనుకోకండి. మెడికల్ రిపోర్టుకి, పోలీసు సర్టిఫికెట్‌కి, వేలిముద్రలకి, హోమ్ స్టడీకి, పాస్‌పోర్టుకి దేని గడువు దానిది. ఒకటి బతికి ఉండగా ఇంకొకటి చస్తుంది. ఒకే కాగితం మీద అన్నిటి తేదీలూ రాసి, ఒక్కొక్కదానికి మూడు నాలుగు నెలల ముందే గుర్తు చేసేలా ఫోన్‌లో పెట్టుకోండి. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, ఇంట్లోకి ఇంకొక మనిషి వచ్చి చేరినా, ఒంట్లో ఏదైనా జబ్బు తేలినా, గర్భం వచ్చినా మీ దత్తత పని చూసే ఏజెన్సీకి వెంటనే చెప్పాలి. హోమ్ స్టడీలో అది చేరాలి. దాచిన చిన్న విషయం, చెప్పిన పెద్ద విషయం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. బిడ్డతో ఇంటికి వచ్చాక మీ దేశం పౌరసత్వం ఏ చట్టం ప్రకారం, ఏ కాగితంతో వస్తుందో కూడా ఇప్పుడే తెలుసుకోండి. అన్ని చోట్లా అది దానంతటదే రాదు. పెంచినవాళ్ళు ఆ ఒక్క పని పూర్తిచేయకపోవడంతో పెద్దయ్యాక ఏ దేశమూ తమదని చెప్పుకోలేని మనుషులు ఉన్నారు.

దేశాలు మధ్యలో తలుపులు మూసేస్తాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను. గ్వాటెమాలా 2007 చివరితో కొత్త కేసులు ఆపేసింది. రష్యా 2013 నుంచి అమెరికా వాళ్ళకి పిల్లల్ని ఇవ్వడం మానేసింది. ఇథియోపియా 2018లో విదేశీ దత్తతని నిషేధించింది. చైనాకి ఫైళ్ళు పంపినవాళ్ళకి 2006 తర్వాత నెలల ఎదురుచూపు ఏళ్ళుగా మారింది. 2024లో ఆ దేశం, దగ్గరి బంధువుల పిల్లలనో సవతి పిల్లలనో తీసుకునే విదేశీయులకి తప్ప, మొత్తంగా ఆపేసింది. కొన్నిచోట్ల అక్రమాలు బయటపడి, కొన్నిచోట్ల రాజకీయాల వల్ల, కొన్నిచోట్ల సొంత దేశంలోనే కుటుంబాలు ముందుకు రావడం వల్ల ఇలా జరుగుతుంది. అందుకని ఇప్పుడే ఏజెన్సీని సూటిగా అడగండి: దేశం ఆపేస్తే మా ఫైలు ఏమవుతుంది? కట్టిన డబ్బులో ఏది తిరిగొస్తుంది? వేరే దేశానికి మార్చుకోవచ్చా? జవాబు కాగితం మీద రాయించుకోండి. ప్రశ్న వేసినందుకు చిరాకు పడే ఏజెన్సీ అయితే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే.

ఇప్పుడు రోజుల గురించి. నువ్వు ఫోన్ చేతిలోంచి కింద పెట్టడం లేదని అబ్బాయి చెప్పాడు. ఏజెన్సీతో మాట్లాడే పని మీ ఇద్దరిలో ఒక్కరే తీసుకోండి. వాళ్ళకి ఫోన్ చేయడానికి నెలలో ఒక రోజు ఖాయం చేసుకోండి. మిగతా రోజుల్లో వాళ్ళు పిలిస్తేనే. వార్త ఉంటే వాళ్ళే ముందు పిలుస్తారు, మనం ఊరికే తలుపు కొట్టినందువల్ల అవతలి దేశంలో సంతకం త్వరగా పడదు. మిగతా ఫైళ్ళవాళ్ళకి ఎప్పుడు కబురు వచ్చింది, మనకంటే వెనక ఉన్నవాళ్ళకి ముందే ఎలా వచ్చింది అని లెక్కలు వేసుకోవడం కూడా మానేయండి. బిడ్డ వయసు, ఆరోగ్యం గురించి మీరు ఇచ్చిన అంగీకారాన్ని బట్టి ఒక్కొక్కరి వంతు ఒక్కోలా నడుస్తుంది. ఆ లెక్కలకి అంతుండదు, నిద్ర మాత్రం పోతుంది.

జీవితాన్ని ఆపి కూర్చోకండి. వెళ్ళాలనుకున్న ఊరికి వెళ్ళండి. నువ్వు మధ్యలో వదిలేసిన కోర్సు పూర్తిచెయ్యి. ఉద్యోగంలో మంచి అవకాశం వస్తే, “రేపో మాపో కబురు వస్తుందేమో” అని వదులుకోకు. ఏజెన్సీని ఒకసారి అడిగి, హోమ్ స్టడీలో మార్పు రాయించుకుని చేరు. వెన్ను నొప్పి చూపించుకో, పళ్ళు చూపించుకో. రేపు రెండు మూడేళ్ళ బిడ్డ వస్తే రాత్రంతా ఎత్తుకుని తిరగాల్సిన వీపు అది. డబ్బు విషయంలో ప్రయాణానికి అనుకున్నదానికంటే ఎక్కువే పక్కన పెట్టండి. అక్కడ కోర్టు తేదీలు, వీసా తేదీలు జరిగిపోయి, వారం అనుకున్నది నెల దాటవచ్చు. సెలవు ఎన్నాళ్ళు దొరుకుతుందో ఇద్దరూ ఇప్పుడే కనుక్కోండి. వచ్చిన తర్వాత గడిపే సెలవు, అక్కడ గడిపే సెలవు కంటే ముఖ్యం.

గది సంగతి అడిగావు. మంచం, దుప్పటి, ఒక చిన్న దీపం చాలు. బట్టలు కొనకు. ఏ వయసు బిడ్డ వస్తుందో తెలియదు, తెలిసినా కొలత తెలియదు. అనాథాశ్రమాల్లో పెరిగిన పిల్లలు మూడు నెలలకి ఒక నెల చొప్పున ఎదుగుదలలో వెనకబడతారని పిల్లల డాక్టర్లు ఉజ్జాయింపుగా చెబుతారు. మరీ మనసు లాగితే ఒక బొమ్మ కొనుక్కో. ఆ గదిని చూస్తే నీకు ఏడుపు వస్తుంటే తలుపు మూసి ఉంచు. దానికి సిగ్గు పడాల్సింది లేదు. ఎవరింట్లోనో బారసాలకి వెళ్ళలేనని అనిపించిన రోజు వెళ్ళకు. ఆశీస్సులు ఫోన్‌లో చెప్పు, బహుమతి తర్వాత పంపు.

చుట్టాలు అడుగుతారు. “ఇంకా రాలేదా?” నుంచి “సొంతంగా ప్రయత్నం చేయడం మానేశారా?” దాకా అన్నీ అడుగుతారు. ఒకే జవాబు ఇద్దరూ అనుకుని పెట్టుకోండి: “కబురు వస్తే మేమే చెబుతాం.” మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. కానీ ఒక విషయంలో నోరు బిగబట్టుకోండి. బిడ్డ వివరాలు వచ్చాక కన్నతల్లి ఎవరు, ఎందుకు వదిలింది, ఎక్కడ దొరికింది అనేవి ఎవరికీ చెప్పవద్దు. మీ అమ్మకి కూడా. నాకు కూడా వద్దు. ఆ కథ బిడ్డది, మొదట వినాల్సింది ఆ బిడ్డే. ఊరంతా విన్నాక ఏదో ఒక పెళ్ళిలో ఎవరో ఒకరి నోటి నుంచి వినడం చాలా అన్యాయం.

అబ్బాయీ, ఇది నీకు. ఎదురుచూడటం ఇద్దరికీ ఒకేలా ఉండదు. తను మాట్లాడితే తేలికపడుతుంది, నువ్వు పనిలో పడితే తేలికపడతావు. నువ్వు మౌనంగా ఉంటే నీకు పట్టదని తను అనుకుంటుంది. వారానికి ఒక సాయంత్రం ఈ విషయం మాట్లాడటానికి పెట్టుకోండి. మిగతా రోజుల్లో వద్దనుకుంటే వద్దు. ఆ సాయంత్రం మాత్రం నువ్వు కూడా నోరు తెరువు. భయం ఉంటే భయం అని చెప్పు. మీ పెదమామయ్య మొదట్లో చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాక నాకు తోడు దొరికినట్టయింది.

చేతులు ఖాళీగా ఉన్నాయన్నావు కదా, నిజంగా పనికొచ్చే పని ఒకటుంది. ఆ దేశం భాషలో చిన్న చిన్న మాటలు నేర్చుకోండి. ఆకలా, నొప్పా, నిద్రా, నీళ్ళు, అమ్మ ఇక్కడే ఉంది, మళ్ళీ వస్తాను. వ్యాకరణం అక్కర్లేదు. నాలుగేళ్ళ బిడ్డ కొత్త మనుషులతో విమానం ఎక్కిన రాత్రి “నొప్పిగా ఉందా?” అని తన భాషలో వినడం చిన్న విషయం కాదు. రెండు జోలపాటలు నేర్చుకోండి. ఆ దేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళతో ఇప్పుడే స్నేహం చేసుకోండి, బిడ్డ వచ్చాక అవసరం కోసం వెతుక్కుంటూ వెళ్ళడం బాగుండదు. దత్తత వెళ్ళి పెద్దయినవాళ్ళు చెప్పేది వినండి. కొందరు కోపంగా మాట్లాడతారు. కుర్చీలోంచి లేవకుండా వినండి. వాళ్ళు తమ తల్లిదండ్రులకి చెప్పాలనుకున్నవి అవి.

ఇంకొకటి ముందే తెలిసి ఉండాలి. వచ్చిన కొత్తలో బిడ్డ మిమ్మల్ని దూరం నెట్టవచ్చు, లేదా ఎవరు చేయి చాచినా వెళ్ళిపోవచ్చు. రెండోది చూసి అందరూ “ఎంత కలుపుగోలు పిల్లో” అంటారు. అది కలుపుగోలుతనం కాకపోవచ్చు. తన మనిషి ఎవరో ఇంకా తెలియకపోవడం కావచ్చు. అందుకని కొన్ని వారాలు తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండి. చూడటానికి వచ్చేవాళ్ళకి ఈ సంగతి ఇప్పుడే చెప్పి పెట్టండి. అప్పుడు చెబితే నొచ్చుకుంటారు.

చివరగా, వివరాలు వచ్చే రోజు. ఫోటో చూడగానే సరే అనాలనిపిస్తుంది. ముందు రిపోర్టు చదవండి. దత్తత పిల్లల ఆరోగ్య రిపోర్టులు చదవడం తెలిసిన పిల్లల డాక్టర్‌ని ఇప్పుడే వెతికి మాట్లాడి ఉంచండి. అప్పుడు మీకు చాలా తక్కువ రోజులు ఇస్తారు. పుట్టిన బరువు, తల చుట్టుకొలత వేర్వేరు తేదీల్లో ఎంత ఉంది, రక్త పరీక్షలు ఎప్పుడు చేశారు, కేంద్రానికి ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఎవరి దగ్గర ఉంది, రోజూ చూసుకునే మనిషి ఎవరు అని అడగండి. వీడియో ఉంటే అడగండి. మీరు మోయలేని అవసరం బిడ్డకి ఉందని తేలితే కాదనడం పాపం కాదు, అది మోయగలిగిన ఇల్లు ఆ బిడ్డకి దొరకాలి. వెళ్ళినప్పుడు కేంద్రంలో ఇచ్చే ప్రతి కాగితానికీ నకలు అడిగి తెచ్చుకోండి. బిడ్డ వచ్చిన దుస్తులు, పేరు రాసిన చీటీ ఏదైనా ఉంటే అదీ. ఇచ్చిన పేరుని పూర్తిగా తీసేయకుండా కొత్త పేరులో ఎక్కడో ఒకచోట ఉంచండి.

నీ పోలీసు సర్టిఫికెట్ గడువు దగ్గరపడిందని పోయినసారి అన్నావు. అది రేపే దరఖాస్తు పెట్టు, ఆ పని అయ్యాక నాకు ఫోన్ చెయ్యి.

మీ
పెద్దమ్మ