స్లాబ్ రెండు నెలలు ఆగినా ఫర్వాలేదు, ఎఫ్‌డీని మాత్రం కదపకండి

ప్రశ్న: ఖమ్మం శివారులో 150 గజాల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాను. వయసు 36. ప్రైవేటు ఉద్యోగం, నెలకు ₹68,000 చేతికొస్తుంది. భార్య గృహిణి, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. అద్దె, స్కూలు ఫీజులు కలిపి ఇంటి ఖర్చు ₹31,000. బ్యాంకు ₹25 లక్షల గృహరుణం ఇచ్చింది. ఇప్పటికి ₹12 లక్షలు విడుదలయ్యాయి, వాటిపై నెలకు ₹8,500 వడ్డీ కడుతున్నాను. తర్వాతి ₹6 లక్షలు స్లాబ్ పడ్డాకే ఇస్తామంటున్నారు. 1,100 చదరపు అడుగుల స్లాబ్‌కు ₹3.4 లక్షలు కావాలి. స్లాబ్ కింద నిలబెట్టే సెంట్రింగ్ సామాను ఎలాగూ వస్తుంది కాబట్టి వెంటనే పై అంతస్తు పిల్లర్లు లేపి, మరో ₹4.6 లక్షలతో రెండో స్లాబ్ కూడా వేసేద్దామని మేస్త్రి అంటున్నాడు. పై వాటా అద్దెకిస్తే ₹8,000 వస్తుంది. నా దగ్గర ₹3 లక్షల ఎఫ్‌డీ, మ్యూచువల్ ఫండ్లలో ₹1.1 లక్షలు ఉన్నాయి. ఎఫ్‌డీ తీసేసి, మిగతా ₹5 లక్షలు మామగారికి తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. వచ్చే నెలలో ముహూర్తం ఉంది. ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు పోయించాలా, సైట్‌లోనే కాంక్రీటు కలిపే మిల్లర్ పెట్టించాలా? రెడీమిక్స్‌కు ₹20,000 ఎక్కువవుతోంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ మెయిల్‌ను ఇక్కడ బాగా కుదించి ఇచ్చాం. అసలు మెయిల్‌లో సగానికి పైగా రెడీమిక్సా, మిల్లరా అన్న తర్జనభర్జనే. ₹20,000 తేడా గురించి అంత ఆలోచించారు, ఐదు లక్షల అప్పు సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఇల్లు కట్టే చాలామందిలో ఇదే చూస్తున్నాను. సిమెంటు బస్తా దగ్గర పది రూపాయలు బేరమాడతారు, వడ్డీ దగ్గర మాత్రం అడిగినంతకు తలూపుతారు. అందుకే మీకు కాస్త గట్టిగా చెబుతున్నాను.

ముందు ఆ ఎఫ్‌డీ సంగతి. దాన్ని మీరు 'ఖాళీగా ఉన్న డబ్బు' అని రాశారు. అది ఖాళీగా లేదు. ఇంటి ఖర్చు ₹31,000, బ్యాంకు వడ్డీ ₹8,500 కలిపితే నెలకు ₹39,500. ఆరు నెలలకు ₹2.37 లక్షలు. అంటే జీతం ఆగిపోతే మీ కుటుంబం తిని, బ్యాంకుకు సమాధానం చెప్పుకోగలిగేది ఆ మూడు లక్షలతోనే. అందులో మిగులు అంటూ దాదాపు ఏమీ లేదు.

మామూలు రోజుల్లో కంటే ఇల్లు సగంలో ఉన్నప్పుడు ఈ నిధి అవసరం ఎక్కువ. 'ఆర్నెల్లలో ఇల్లు అయిపోతుంది, తర్వాత మళ్లీ కూడబెట్టుకుంటాను' అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఉద్యోగం పోయిందనో, ఇంట్లో పెద్దవాళ్లు ఆసుపత్రిలో చేరారనో రెండు మూడు నెలలు బ్యాంకు వడ్డీ కట్టలేదనుకోండి. ఖాతా సరిగా నడవని వాళ్లకు బ్యాంకు తర్వాతి విడత ఇవ్వడానికి వెనకాడుతుంది. బాకీ 90 రోజులు దాటితే ఎన్‌పీఏ (మొండి బాకీ) కింద పడుతుంది. విడత రాకపోతే పని ఆగుతుంది. పని ఆగితే అద్దె ఇంట్లోనే ఉండాలి. అద్దె, వడ్డీ రెండూ నడుస్తూనే ఉంటాయి. తలుపులు లేని ఇల్లు, మీద లక్షల్లో రుణం, చేతిలో రూపాయి లేని పరిస్థితి ఇలాగే వస్తుంది. మీ ఇల్లు పూర్తవ్వాలంటే ఆ ఎఫ్‌డీ బ్యాంకులో ఉండాలి. స్లాబ్‌లోకి వెళ్లిన డబ్బును అవసరానికి వెనక్కి తీసుకోలేరు.

ఇక ఆ రెండు రూపాయల వడ్డీ. ఇది వద్దు. 'తెలిసినవారు' అన్నంత మాత్రాన 24 శాతం తగ్గదు. నెలకు ₹10,000 కట్టినా అసలు ఐదు లక్షలూ అలాగే ఉంటుంది. పైవాటా అద్దె ₹8,000తో తీరుస్తానంటున్నారు. ఆ అద్దె మొదటి నెల నుంచే వచ్చినా వడ్డీకే ₹2,000 తక్కువ. అయినా స్లాబ్ పడినంత మాత్రాన అద్దె రాదు కదా! గోడలు, ప్లాస్టరింగ్, కరెంటు, బాత్‌రూమ్‌లు, టైల్స్, తలుపులు, ఇవన్నీ ఏ డబ్బుతో?

రుణం మొత్తం విడుదలయ్యాక, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల లెక్కన మీ ఈఎంఐ ₹21,700 దాకా ఉంటుంది. ₹68,000లో ఇంటి ఖర్చు, ఈఎంఐ, ఈ పదివేల వడ్డీ తీసేస్తే మిగిలేది ₹5,300. కొత్త ఇంట్లోకి మారాక ఇప్పుడు కడుతున్న ₹9,000 అద్దె మిగులుతుంది, నిజమే. కానీ ఆ ₹9,000 కలుపుకొన్నా నెలకు మిగిలేది ₹14,300. అందులోంచి ఐదు లక్షల అసలు ఎన్నేళ్లకు తీరుస్తారు?

ఇలాంటి అప్పులకు ప్రామిసరీ నోటు రాయించుకుంటారు. దాని కాలపరిమితి మూడేళ్లు. వడ్డీ సరిగా కట్టలేకపోతే, మూడో ఏడాది ఆఖర్లో పాత నోటు చింపి, వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. ఐదు లక్షలకు మూడేళ్ల వడ్డీ ₹3.6 లక్షలు. కొత్త నోటు ₹8.6 లక్షలకు ఉంటుంది, వడ్డీ ఇక దాని మీద మొదలవుతుంది. నోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులు కూడా అడుగుతున్నారని రాశారు. చెక్కు బౌన్స్ అయితే అది క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. మామగారి మాట మీద నడిచిన అప్పు కోర్టు దాకా వెళితే డబ్బుతో పాటు చుట్టరికం కూడా పోతుంది. ఆ చెక్కుల మీద సంతకం పెట్టకండి.

కాబట్టి పై అంతస్తు ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. బ్యాంకు రుణం కింది అంతస్తు ఎస్టిమేషన్ మీద ఇచ్చిందే. పైన మీరెంత పెట్టినా దానికి విడత రాదు. పునాదులు జీ ప్లస్ వన్‌కు (కింది అంతస్తు, దానిపై మరొకటి) లెక్కగట్టి వేయించామన్నారు, అది మంచి పని. పిల్లర్ల చువ్వలు పైకి వదిలి, తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించండి. ఐదేళ్ల తర్వాతైనా పై అంతస్తు కట్టుకోవచ్చు. సెంట్రింగ్ సామాను అద్దె కలిసొస్తుందన్న మేస్త్రి మాట ఆయనకు లాభమే. మీకు మాత్రం ఆ కలిసొచ్చేది ఆరు నెలల వడ్డీకి కూడా చాలదు.

కింది స్లాబ్‌కు ₹3.4 లక్షలు ఎలా అంటే, మ్యూచువల్ ఫండ్ల డబ్బు ₹1.1 లక్షలు తీసేయండి. ఇల్లు కడుతూ సిప్‌లు (ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) నడపాల్సిన పని లేదు. ఖర్చులు, బ్యాంకు వడ్డీ పోగా నెలకు మీకు ₹28,500 మిగులుతోంది, రెండు నెలలకు ₹57,000. మిగిలిన ₹1.75 లక్షలకు మీ భార్య నగలపై బ్యాంకులో గోల్డ్‌లోన్ తీసుకోండి. ఫైనాన్స్ కంపెనీ వద్దు, బ్యాంకే. ఆరు లక్షల విడత పడిన రోజే ఆ లోన్ కట్టి నగలు ఇంటికి తెచ్చుకోవాలి. వాటిని 'ఈ టైల్స్ అయ్యాక' అని వాయిదా వేయొద్దు.

డబ్బంతా ఖాతాలో పడకముందు సెంట్రింగ్ మొదలుపెట్టనివ్వకండి. షీట్లు పరిచి, పోల్స్ నిలబెట్టి, చువ్వలు కట్టేశాక డబ్బు కోసం ఆగితే సామానుకు అద్దె పెరుగుతుంది, చువ్వలు వానకు తడుస్తాయి. అప్పుడు ఎంత వడ్డీకైనా తెస్తారు. పోయడం మొదలయ్యాక మధ్యలో కాంక్రీటు తక్కువై మర్నాటికి వాయిదా పడితే పాత కాంక్రీటుకు, కొత్త దానికి మధ్య అతుకు పడుతుంది. అక్కడే వానాకాలంలో నీరు కారుతుంది. గోడ కట్టడం సగంలో ఆపొచ్చు కానీ స్లాబ్ అలా కాదు, ఒక్క దఫాలో పూర్తవ్వాలి. ముహూర్తం విషయానికొస్తే, మరో తేదీ పంతులుగారే చెబుతారు.

మీరడిగిన ప్రశ్నకు జవాబు: వీధిలోకి లారీ, పంపు వచ్చే వీలుంటే ఆ ₹20,000 ఎక్కువైనా రెడీమిక్సే పోయించండి. అయిదంగుళాల స్లాబ్‌కు 13 ఘనపు మీటర్లు, బీములతో కలిపి 17, 18 దాకా కావాలి. అంటే మూడు లారీలు. పూట తిరగకముందే పని అయిపోతుంది, నీళ్లు ఇష్టమొచ్చినట్టు కలిపే బెడదా తగ్గుతుంది. వీధి ఇరుకైతే మిల్లర్‌తోనే కానివ్వండి, మీ ఇంజినీరు ఆ రోజంతా అక్కడే ఉండాలి. దేనితో పోసినా నీళ్లు పట్టడంలో పిసినారితనం వద్దు. పీపీసీ (ఫ్లైయాష్ వంటివి కలిపిన) సిమెంటైతే కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం 14 రోజుల దాకా తడపమంటుంది. ఆరు మీటర్ల లోపు బీముల కింద ఆధారాలు కూడా 14 రోజులకు ముందు తీయకూడదు. అద్దె మిగులుతుందని మేస్త్రి ముందే తీస్తానంటే ఒప్పుకోవద్దు. మీ ఎస్టిమేషన్ 2025 సెప్టెంబరుకు ముందుదైతే మరోసారి లెక్క వేయించండి. ఆ నెల 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

టర్మ్ పాలసీ (గడువులోగా మనిషి పోతేనే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేదని, కంపెనీ ఇచ్చిన ₹5 లక్షల గ్రూప్ బీమా చాలని రాశారు. చాలదు. ఉద్యోగం మారిన రోజే అది పోతుంది. రుణంలో మీ భార్య సహ దరఖాస్తుదారు. మీకేమైనా అయితే సంపాదన లేని ఆమె మీద ఆ పాతిక లక్షలు పడతాయి. కనీసం కోటి రూపాయల టర్మ్ పాలసీ స్లాబ్ కంటే ముందే తీసుకోండి. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై ఇప్పుడు జీఎస్టీ కూడా లేదు. రుణంతో పాటు బ్యాంకు అంటగట్టే సింగిల్ ప్రీమియం పాలసీ దీనికి బదులు కాదు. ఆ ప్రీమియాన్నీ అప్పులో కలిపి ఇరవై ఏళ్లు వడ్డీ వసూలు చేస్తారు. స్లాబ్ రోజు పైకెక్కే కూలీలకు బీమా ఉందో లేదో కాంట్రాక్టరును కాగితం మీద చూపించమనండి.

ఈ వారంలో ఒక పని చేయండి. శాంక్షన్ లెటర్ తీసి, విడతల షెడ్యూల్ చదవండి. స్లాబ్ విడతను రెండుగా విడగొట్టి, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దిమ్మె) దాకా కట్టిన పనికి ఇంజినీరు సర్టిఫికెట్ మీద కొంత ముందే ఇస్తారేమో మేనేజరును కలిసి రాతపూర్వకంగా అడగండి. కాస్త ముందే వస్తే ఆ గోల్డ్‌లోన్ కూడా తగ్గించుకోవచ్చు. స్లాబ్ పడ్డాక పని చూసి విలువ కట్టే బ్యాంకు వ్యాల్యూయర్ ఎన్ని రోజులకు వస్తాడో, ఆ తర్వాత ఎన్ని రోజులకు డబ్బు జమ అవుతుందో కూడా అడిగి రాసుకోండి. నగల లోన్ గడువు ఆ తేదీని బట్టి పెట్టించుకోవాలి.