కిటికీలు లేని ఆ ఎత్తైన గది దేనికి?

ప్రశ్న: మాది యవత్మాల్ జిల్లాలో, పాండర్‌కవడా పక్కనున్న పల్లె. వణి వెళ్లే దారిలో ఒక పాత కట్టడం మూతపడి ఉంది. రేకుల కప్పుతో పొడవాటి షెడ్డు, దాన్ని ఆనుకుని కిటికీలు లేని ఎత్తైన గది, కాస్త ఎడంగా ఇటుకల పొగగొట్టం కనిపిస్తాయి. షెడ్డు ముందు నడుమెత్తు అరుగు ఉంది. ఎదురెదురుగా రెండు వాకిళ్లు ఉన్నాయి. కొందరు పాత జైలంటారు, కొందరు సర్కారు గోదామంటారు. అసలది ఏమిటి?
— ఒక పాఠకుడు, కేళాపూర్ తాలూకా

జవాబు: ఈ గుర్తులన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయంటే అది పాత పత్తి మిల్లు, అంటే గింజ తీసే జిన్నింగూ దూదిని బిగించే ప్రెస్సూ కలిసి నడిచిన చోటు. 100 కిలోల పత్తిని ఆడిస్తే దూది సుమారు 33 నుంచి 36 కిలోలు వస్తుంది. మిగిలినదంతా దాదాపు గింజే. ఇక్కడ మరాఠీవారితోపాటు మనవారూ దాన్ని సర్కి అంటారు. అంత బరువును బొంబాయి దాకా మోయడం దండగ కనుక, చేలకు దగ్గరలోనే గింజ తీసి దూదిని మాత్రమే రైలెక్కించేవారు. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోవడంతో బేరారు (యవత్మాల్ ఉన్న ఈ ప్రాంతానికి పాత పేరు) పత్తికి గిరాకీ పెరిగింది. ఆ తరువాతి దశాబ్దాలలో ఆవిరి యంత్రాల మిల్లులు ఈ ప్రాంతమంతటా వెలిశాయి. జనం శకుంతల అని పిలుచుకున్న యవత్మాల్–ముర్తిజాపూర్ చిన్న రైలును వేసింది కూడా పత్తి కోసమే.

కొందరు జైలనుకున్న ఆ ఎత్తైన గదే ప్రెస్సు. గింజ తీసిన దూది పొంగిన నురుగులా ఉంటుంది. పిడికెడు బరువుకు బుట్టెడు చోటు కావాలి. పాత లెక్కలో బేలుకు, అంటే బిగించి కట్టిన దూది మూటకు, 392 పౌన్ల దూది, అంటే సుమారు 178 కిలోలు, పట్టించాలంటే పెట్టె ఎంతో లోతుగా ఉండాలి. అందుకే దూదిని పై అంతస్తుకు చేర్చి, అక్కడి నుంచి పెట్టెలోకి దింపి, మనుషులు అందులోకి దిగి కాళ్లతో తొక్కేవారు. ఆ మీద యంత్రం దాన్ని నొక్కి పట్టి ఉండగా ఇనుప పట్టీలు చుట్టి బిగించేవారు. కట్టడం ఎత్తు ఆ పెట్టె లోతును బట్టి వచ్చినదే.

పక్కనున్న పొడవాటి షెడ్డులో జిన్నులు, అంటే గింజ తీసే యంత్రాలు, వరుసగా ఉండేవి. తోలు రోలరు దూది పోగును పట్టి లాగుతుంటే గింజ కత్తి అంచు దగ్గర ఆగిపోతుంది. కదిలే మరో కత్తి దాన్ని తట్టి కిందికి రాలుస్తుంది. ఇక ఎదురెదురు వాకిళ్ల సంగతి నాకు ఎంతో ముఖ్యంగా తోస్తుంది. మంచి దూదిలో నాసిరకం కలిపేవారని కొనుగోలుదారులు చిరకాలంగా మొత్తుకునేవారు. 1925 నాటి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం, అప్పటి నుంచి కట్టే జిన్నింగు షెడ్లలో పత్తి లోపలికి వచ్చే దారి వేరు, దూది బయటికి పోయే దారి వేరుగా ఉండాలని విధించింది. ప్రెస్సు గదికి గచ్చు ఉండాలని, బేలు మీద ప్రెస్సు గుర్తూ వరుస సంఖ్యా వేయాలని కూడా అందులోనే ఉంది. మీ షెడ్డు 1925 తరువాత కట్టినదైతే, ఆ రెండు వాకిళ్లు రైతు పత్తికి న్యాయమైన పేరు నిలవాలని పెట్టినవి.

పొగగొట్టం ఆవిరి బాయిలరుది. దూదికి నిప్పంటుకుంటే ఆపడం కష్టం, అందుకే దాన్ని ఎడంగా కట్టారు.

1972 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం పత్తి కొనుగోలును గుత్తగా తన చేతిలోకి తీసుకోవడంతో ఈ మిల్లుల్లో చాలావాటికి సర్కారు పత్తిని కూలికి ఆడించడమే పని అయింది; సరిహద్దు రైతులు మంచి ధర కోసం రాత్రివేళ ఆదిలాబాద్ వైపు బండ్లు తోలుకుపోయిన రోజులవి. తరువాత పత్తిని యంత్రమే జిన్నుకు అందించి, దూదిని బేలు దాకా చేర్చే కొత్త మిల్లులు వచ్చాయి. పాత ఎత్తు గదులతో పని లేకపోయింది.

ఆవరణలోకి వెళ్లనిస్తే అరుగు అంచు రాళ్లను దగ్గరగా చూడండి. ఎద్దుబండి పలకకు సమానంగా కట్టిన ఆ అరుగుకు ఆనించి బండ్లను నిలిపేవారు. ఇరుసు కొనలు రాసుకున్న చోట రాయి చేతికి నున్నగా, పల్లంగా తగులుతుంది.