ఇసుకరాయిని కాల్చే ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

గోపాలపట్నం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి విశాఖలోనే ఎమ్మెస్సీ జియాలజీ చదువుతోంది. ఇసుకరాయిని వేడిచేసి, చల్లార్చి, ఎలా పగులుతుందో చూసే ప్రాజెక్టు తీసుకుంది. రాళ్లు కాల్చుకుంటూ కూర్చుంటే ఉద్యోగం ఎవరిస్తారు? మాన్పించి కంప్యూటర్ కోర్సులో చేర్పించమంటారా?"

మాన్పించకండి. ఈ పని మన పెద్దవాళ్లకు తెలిసిందే. బావి తవ్వుతుంటే బండ అడ్డొస్తే దాని మీద మంట పెట్టి, బాగా కాలాక నీళ్లు కుమ్మరించి పగలగొట్టేవారు. మీ అమ్మాయి ఇప్పుడు ఆ పగులుకు లెక్క కడుతోంది.

ఇసుకరాయిలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్ అనే ఖనిజం. వేడెక్కితే ఆ రేణువు అన్ని వైపులా ఒకేలా సాగదు, ఒక దిక్కున సాగే దానికి దాదాపు రెట్టింపు ఇంకో దిక్కున సాగుతుంది. పక్కపక్క రేణువులు నెట్టుకుని మధ్యలో అతుకు విడుతుంది. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్వార్ట్జ్ స్ఫటిక నిర్మాణమే మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది. అది దాటాక పగులు పాకకుండా ఆపే శక్తి రాయికి బాగా తగ్గిపోతుంది. విచిత్రమేమిటంటే, అంతకు చాలా ముందు, రెండు మూడు వందల డిగ్రీల దాకా కొన్ని ఇసుకరాళ్లు తడి ఆరి కాస్త గట్టిపడతాయి కూడా. ఇక చల్లార్చే తీరు. ఫర్నేస్‌లోనే వదిలేస్తే నష్టం తక్కువ. నీళ్లలో ముంచితే లోపల ఇంకా వేడిగా ఉండగానే పైపొర కుంచించుకుని చీలుతుంది.

సింగరేణి గనుల్లో బొగ్గు పొరల మీద కప్పుగా ఉండేది చాలాచోట్ల ఇసుకరాయే. కింద బొగ్గు అంటుకుంటే ఆ కప్పు ఎంత వేడి వరకు నిలుస్తుందన్నది మనుషుల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. నిప్పుకు గురైన రాతి కట్టడాలకూ, భూమి లోపలి వేడిని వాడుకునే భూతాప బావులకూ ఇదే లెక్క కావాలి.

ఉన్నమాట చెప్పాలి: ఈ ఒక్క ప్రాజెక్టు చూసి ఏ కంపెనీ పిలవదు. మన విశాఖ కొండలూ ఖోండలైట్ అనే వేరే రకం రాయే, ఇసుకరాయి కావు. కానీ నమూనా కోయడం, పగులు కొలవడం, గ్రాఫ్ చదవడం చేతికొస్తే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ లాంటి చోట్ల పరిశోధనకు దారి దొరుకుతుంది. కంప్యూటర్ కూడా కావాలి, కాదనను. సాయంత్రాలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని తన కొలతల మీదే వాడమనండి.

గేట్‌లో జియాలజీ పేపర్, జియలాజికల్ సర్వే ఉద్యోగాలకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష, రెండూ రాయించండి. గేట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి. ఈలోగా ఒకరోజు కాల్చిన ముక్క, కాల్చనిది ఇంటికి తెమ్మనండి. ఇనుమున్న పసుపు రాయి ఇటుకలా ఎర్రబారి ఉంటుంది. ఎందుకో తననే చెప్పమనండి.