బాత్రూమ్ ఫ్యాన్ మోత, డిపాజిట్ కోత

తమ్ముడూ, సెలవులకు విశాఖ వచ్చి పెదవాల్తేరులో అమ్మ ఇంట్లో కూర్చుని నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. నిన్న ఎంవీపీ రైతుబజార్‌లో మీ అమ్మగారు కనిపించారు. ఇంగ్లండులో మీ బాత్రూమ్ ఫ్యాన్ గోలకి బాబు ఉలిక్కిపడి లేస్తున్నాడట, "స్విచ్ కట్టేసి ఉంచుకోమన్నాను" అన్నారు. అమ్మ మాట అన్నిట్లో విను, ఈ ఒక్కదాంట్లో వినకు. నేను సరిగ్గా ఆ పనే చేసి డబ్బు పోగొట్టుకున్నాను.

2010 సెప్టెంబరులో నేను ఇంగ్లండు వెళ్లాను. పౌండు అప్పుడు 70 రూపాయల పైచిలుకు. బ్రెడ్ కొన్నా రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ణి. బాత్రూమ్ లైటు వేస్తే ఫ్యాన్ కూడా తిరిగేది. లైటు ఆర్పినా పావుగంట దాకా ఆగేది కాదు. వైరింగ్ పాడైందనుకున్నాను. లోపల టైమరు ఉంటుందని, మిగిలిన ఆవిరి పోవడానికే అలా పెడతారని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. తలుపు పైన, బయటివైపు ఒక స్విచ్ కనిపిస్తే కట్టేశాను. మోతా తగ్గింది, కరెంటూ మిగిలిందని ధైర్యంగా ఉన్నాను.

ఇక్కడ మన బాత్రూముల్లో పైన అద్దాల పలకల వెంటిలేటర్ ఉంటుంది, ఏడాదంతా తెరిచే ఉంటుంది. సముద్రం గాలికి ఇనుము తుప్పు పడుతుంది కానీ బాత్రూమ్ గోడ గంటలో ఆరిపోతుంది. అక్కడ చలికి కిటికీ తెరవం. వేడినీళ్ల ఆవిరి చల్లటి గోడకి తగిలి నీరవుతుంది. సంక్రాంతి నాటికి సీలింగ్ మూలల్లో నల్లటి బూజు పట్టింది.

భయపడి ఫ్యాన్ మళ్లీ వేశాను. ఈసారి కీచుమంది. ఇంట్లో కుట్టుమిషనుకి నాన్న నూనె వేసే పద్ధతి గుర్తొచ్చి, చేతిలో ఉన్న కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేశాను. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది. ఆ ఫ్యాన్ గొట్టంలోకి వచ్చేది జనవరి చలిగాలి. గడ్డకట్టిన నూనెకి దుమ్ము అంటుకుని మోటారు బిగుసుకుపోయింది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు సీలింగ్ రంగుకీ కొత్త ఫ్యానుకీ కలిపి 180 పౌండ్లు డిపాజిట్‌లో కోశారు. అప్పటి లెక్కలో పన్నెండు వేల రూపాయల పైమాటే. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ముందు కరెంటు ఖర్చు లెక్క చెబుతాను. 20 వాట్ల ఫ్యాన్ రోజుకి రెండు గంటలు తిరిగితే నెలకి 1.2 యూనిట్లు. ఇప్పటి రేట్లలో అర పౌండు కూడా కాదు. దానికోసం వందల పౌండ్ల డిపాజిట్‌ని పణంగా పెట్టకు.

ఇక మోత సంగతి. ఎలాంటి మోతో ముందు చెవి పెట్టి విను. ఫ్యాన్ మూత మీద అరచేతితో మెల్లగా నొక్కితే చప్పుడు తగ్గిందా, మూతో స్క్రూవో వదులైనట్టు. గరగరమంటూ గోడ కూడా అదురుతుంటే రెక్కలకి దుమ్ము ఒక పక్క ఎక్కువ పేరుకుని ఉంటుంది. కొత్తవాళ్ల ఇళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. గాలి వీచే రాత్రి మాత్రమే టపటపలాడితే, అది బయటి గాలి లోపలికి రాకుండా పెట్టే రేకు కొట్టుకోవడం. వేసిన కొద్దీ కీచుమనడం పెరిగితే బేరింగ్ అరిగింది, నూనెతో బాగుపడదు, ఫ్యానే మార్చాలి.

దుమ్ము మాత్రం నువ్వే తీయవచ్చు. తలుపు పైన స్విచ్ కట్టేసి, లైటు వేసినా ఫ్యాన్ తిరగడం లేదని చూసుకున్నాకే మూత తియ్యి. మూతని గిన్నెల సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వు. రెక్కలకి పొడి బ్రష్ చాలు, నీళ్లు తగలనివ్వకు. వైర్ల జోలికి అసలు వెళ్లకు.

మిగతావి ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటుకి వదిలెయ్యి. అద్దె ఇల్లు నివాసయోగ్యంగా ఉండాలన్న 2018 నాటి చట్టంలో చెమ్మ, గాలి రాకపోకలు కూడా ఉన్నాయి. డిపాజిట్ నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకో. ఫోన్‌లో చెప్పి ఊరుకోకు, నేను మొహమాటపడి అలాగే చేశాను. మోత వినిపించేలా వీడియో తీసి ఈమెయిల్ పెట్టు. సీలింగ్ నాలుగు మూలల ఫొటోలు కూడా జత చెయ్యి. బూజు లేకపోయినా సరే, ఇవాళ లేదని తేదీతో రుజువు ఉండాలి.

బాబు నిద్ర కోసం, రాత్రి స్నానాలు వాడు పడుకునే గంట ముందే ముగించండి. ఏజెంటు మనిషి వచ్చినప్పుడు టైమరు కాస్త తగ్గించమని అడుగు, చాలా ఫ్యాన్లలో కుదురుతుంది. అందాకా బాత్రూమ్ తలుపు మూసి, కిటికీ ఉంటే పావుగంట తెరిచి ఉంచు. మీ అమ్మగారికి ఇదంతా నేను చెబుతాను, నువ్వు ఈమెయిల్ పంపు.