గుట్ట నుంచి ధౌలాధార్ దాకా: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. దసరా సెలవుల్లో హిమాచల్‌లోని ధర్మశాల పైనున్న ధరంకోట్‌లో హాస్టల్ తీసుకుని వారం ఉండాలని, త్రియుండ్ ఎక్కాలని అనుకుంటున్నాం. మా ఊరి ఖిల్లా తప్ప వేరే కొండ ఎరగం. మావల్ల అవుతుందా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: అవుతుంది. కాకపోతే కాళ్లకు ఇప్పటి నుంచే పని చెప్పాలి. గల్లూ గుడి దగ్గర మొదలయ్యే బాట త్రియుండ్ చేరేసరికి దాదాపు 700 మీటర్లు ఎక్కుతుంది. అంటే భువనగిరి ఖిల్లాను ఒకే పూట నాలుగైదు సార్లు ఎక్కినంత. బాట స్పష్టంగానే ఉంటుంది. చివర్లో 22 మలుపులని పేరుపడ్డ ముక్క వస్తుంది, దమ్ము తేలేది అక్కడే.

సాధనకు మీ ఖిల్లాయే చాలు. ఆరు వారాల పాటు వారానికి మూడుసార్లు ఎక్కండి. మొదటి రెండు వారాలు ఖాళీ చేతులతో, మూడో వారం నుంచి బ్యాగులో మూడు లీటరు సీసాల నీళ్లతో, ఐదో వారం ఆరు సీసాలతో. లీటరుకు కిలో లెక్క, తూకం అక్కర్లేదు. పైకెక్కాక తాగేందుకు ఒకటి ఉంచుకుని మిగతా నీళ్లు చెట్ల మొదట్లో పోసేసి దిగండి. బరువు ఎక్కేటప్పుడు కావాలి గానీ దిగేటప్పుడు మోకాళ్లకు శిక్ష. ఆరో వారం బాగా తగ్గించేయండి. పక్కవాడితో మాట్లాడుతూ ఎక్కగలిగితే అదే సరైన వేగం. బండ కాలకముందే, ఎనిమిదింటికల్లా కిందికి వచ్చేయాలి. మన గుట్టల్ని తక్కువ చూడొద్దు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ బండ ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదే.

ఎంచుకున్న కాలం కూడా మంచిదే. ధర్మశాలలో వానాకాలం వాన దంచి కొడుతుంది, కొండచరియలు విరిగి పడతాయి. సెప్టెంబర్ ఆఖరుకు ఆకాశం తేటపడుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక పగలూ రాత్రీ, అక్కడి నుంచి రాత్రి బస్సు. కాబట్టి దిగిన రోజు ఏ కొండా పెట్టుకోవద్దు, నిద్రపోండి. రెండో రోజు భాగ్సూ జలపాతం దాకా నడిచి రండి. త్రియుండ్ మూడో రోజు. పొద్దున్నే ఏడింటికల్లా బాట పట్టండి. ధౌలాధార్ కొండల వరుస మీద మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్ముతుంది, ఉరుములతో వాన పడొచ్చు. త్రియుండ్ అంటే చెట్టూ చాటూ లేని గట్టు, పిడుగుల వేళ నిలబడే చోటు కాదు. నాలుగో రోజు బట్టలు ఉతుక్కోండి. మిగిలిన రోజుల్లో బీడ్ (బీర్) ఊరికి వెళ్లి పారాగ్లైడింగ్ చేయొచ్చు. ఎగిరేది బిల్లింగ్ నుంచి, దిగేది బీడ్‌లో. పైలట్ లైసెన్సు, హెల్మెట్, రిజర్వ్ పారాచూట్ చూపించమని అడగండి. చూపించడానికి విసుక్కుంటే వేరే మనిషిని చూసుకోండి.

ప్రశ్న: హాస్టల్లో డార్మ్ అంటే తెలియనివాళ్లతో ఒకే గదిలో పడుకోవాలట. అమ్మ భయపడుతోంది. ఏం చూసి బుక్ చేసుకోవాలి మేడం?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: ఆడవాళ్లకు విడి డార్మ్ ఉన్న హాస్టళ్లు చాలా ఉన్నాయి. బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: బాత్రూమ్ గదిలోనేనా బయటా, రాత్రంతా రిసెప్షన్లో మనిషి ఉంటారా, బస్సు దిగే చోటు నుంచి హాస్టల్ దాకా ఎంత నడవాలి. మూడోది చాలామంది అడగరు. బ్యాగు మోసుకుని చీకట్లో మెట్లెక్కేటప్పుడు గుర్తొస్తుంది.

లాకర్ ఉంటుంది గానీ తాళంకప్ప మనదే ఉండాలి. ఆధార్ అసలు కార్డు తీసుకెళ్లండి. డబ్బు, ఫోను, కార్డు పడుకునేటప్పుడు దిండు కింద కాదు, లాకర్లో పెట్టండి. రైలు బెర్తు లెక్కే ఇక్కడా: కింది బంకు సామానుకు సులువు, పై బంకుకు జనం అలికిడి తక్కువ. పక్క పరిచే ముందు పరుపు అంచుల కుట్లు వెనక్కి తిప్పి చూడండి. మిరియపు పొడి రాలినట్టు నల్ల చుక్కలుంటే నల్లులు. వెంటనే మంచం మార్చమనండి, బ్యాగు నేల మీద పెట్టొద్దు. తెల్లవారుజామున బయల్దేరేవాళ్లు రాత్రే సర్దుకోవాలి. చీకట్లో ప్లాస్టిక్ కవర్ల గరగర గదినంతా లేపుతుంది. చెవుల్లో పెట్టుకునే స్పంజి బిరడాలు, తలకు కట్టుకునే టార్చి, మూడు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు వెంట ఉంచుకోండి. ఆ బోర్డుతో మొదటి రాత్రే నలుగురు స్నేహితులవుతారు.

ప్రశ్న: అద్దెకు తెచ్చిన 50 లీటర్ల బ్యాగు వేసుకుంటే అరగంటకే భుజాలు పడిపోతున్నాయి. బ్యాగు లోపమా?
– వనపర్తి పాఠకుడు

జవాబు: చాలావరకు కట్టుకోవడంలో లోపం. బరువు తుంటి మీద ఉండాలి, భుజాలు బ్యాగును వెనక్కి పడకుండా ఆపాలి, అంతే. పట్టీలన్నీ వదులు చేసి బ్యాగు తగిలించుకోండి. నడుం పట్టీని బొడ్డు దగ్గర కాకుండా తుంటి ఎముక పైఅంచు మీద బిగించండి. తర్వాత భుజం పట్టీలు, ఆపైన భుజాల మీదున్న చిన్న పట్టీలు, చివరగా ఛాతీది. భుజం పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరితే కుదిరినట్టే. బరువైనవి వీపుకు ఆనుకుని మధ్యలో, స్లీపింగ్ బ్యాగు అడుగున, రెయిన్‌కోటు అన్నిటికన్నా పైన. అరవై కిలోల మనిషికి తొమ్మిది, పది కిలోలు చాలు. త్రియుండ్‌కు ఆ బ్యాగే మోయక్కర్లేదు. దాన్ని హాస్టల్లో వదిలి చిన్న సంచిలో రెండు లీటర్ల నీళ్లు, స్వెటరు, రెయిన్‌కోటు, తిండి పెట్టుకోండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు.

ప్రశ్న: ఇంటి నుంచి ఏం తిండి తీసుకెళ్లొచ్చు? పైన అన్నం, పప్పు వండుకోవచ్చా?
– ఒక గృహిణి, జడ్చర్ల

జవాబు: పప్పు మాట మర్చిపోండమ్మా. ఎత్తుకు వెళ్లే కొద్దీ, దాదాపు ప్రతి 300 మీటర్లకూ ఒక డిగ్రీ తక్కువలోనే నీళ్లు మరుగుతాయి. త్రియుండ్ ఎత్తు సుమారు 2,850 మీటర్లు, అక్కడ 90 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. కుక్కర్ లేకుండా పప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉంటుంది. పల్లిపట్టి, సకినాలు, కరకరలాడేలా కాల్చిన జొన్నరొట్టె, అటుకులు, కారప్పొడి తీసుకెళ్లండి. ఇందులో పల్లిపట్టికి మించింది లేదు, రెండు ముక్కలతో ఒక ఎక్కుడు గడుస్తుంది. పులిహోర రైల్లోనే అయిపోవాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. చెంచా తలకొట్టి కొలవండి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

ప్రశ్న: సాధన కోసం నల్లమలలో మల్లెలతీర్థం వైపు రెండు రోజులు గుడారం వేసుకోవచ్చా సార్?
– అచ్చంపేట పాఠకుడు

జవాబు: వద్దు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. సొంతంగా లోపలికి నడవడం, రాత్రి ఉండడం కుదరదు. సలేశ్వరం బాట కూడా చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే తెరుస్తారు. సాధనకు ఉమామహేశ్వరం మెట్లున్నాయి కదా.

ప్రశ్న: ఎక్కడం బాగానే ఉంది, దిగేటప్పుడే మోకాళ్లు, కాలివేళ్లు చంపుతున్నాయి.
– నకిరేకల్ పాఠకుడు

జవాబు: దిగేటప్పుడు అడుగులు పొట్టిగా వేయండి, మోకాలు కొంచెం వంచే ఉంచండి. ఇంటి మెట్టు మీద ఒంటికాలితో నిలబడి రెండో మడమను నెమ్మదిగా కింది మెట్టుకు ఆనించి లేవండి, కాలికి పదిహేను సార్లు, రోజు విడిచి రోజు. వేళ్లు నొప్పెడుతున్నాయంటే పాదం ముందుకు జారి బూటు కొనకు కొట్టుకుంటోంది. గోళ్లు కత్తిరించి, దిగే ముందు మడమ వెనక్కి ఆనేలా లేసులు మళ్లీ బిగించండి. బూట్లు కొత్తవైతే ఊళ్లోనే కనీసం నెల తొడగాలి. నడుస్తుంటే ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే ఆగి, సాక్సు విప్పి, తుడిచి టేపు వేయాలి. ‘ఇంకో కిలోమీటరే కదా’ అనుకుంటే బొబ్బ తేలుతుంది. తేలిన బొబ్బను పగలగొట్టొద్దు. దానంతట అదే చితికితే కడిగి, తోలు పీకకుండా పైన గాజుగుడ్డ వేసి కట్టండి.